కెమెరా ఫోన్ మార్చే ముందు, ఇంట్లో మరచెంబుని ఒకసారి ఫోటో తీసి చూడండి

నన్ను ఫ్రెండ్స్, కొలీగ్స్, ఊళ్ళో కజిన్స్ అందరూ ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "బ్రో, 30 వేల లోపు బెస్ట్ కెమెరా ఫోన్ ఏది?" నేను వెంటనే మోడల్ పేరు చెప్పను. "ఇప్పుడున్న ఫోన్‌తో మీ అమ్మది మంచి ఫోటో ఒకటి తీసుంటావుగా, చూపించు" అంటాను. గ్యాలరీ తెరుస్తారు, స్క్రోల్ చేస్తారు. బిర్యానీ ఉంటుంది, బైక్ ఉంటుంది, ఆఫీసు టెర్రస్ మీంచి తీసిన సన్‌సెట్లు పదిహేను ఉంటాయి. అమ్మ మాత్రం ఏదో పెళ్ళి గ్రూప్ ఫోటోలో చివర్న సగం కట్ అయి ఉంటుంది. లేదంటే వంటింట్లో "ఇప్పుడొద్దురా" అని చెయ్యి అడ్డం పెట్టి ఉంటుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఫోటోగ్రఫీ నేర్చుకోవడానికి మనకి తక్కువైంది కెమెరా కాదు, సబ్జెక్టు. ఆ సబ్జెక్టు కోసం లంబసింగి, గండికోట దాకా వెళ్ళక్కర్లేదు. పోర్ట్రెయిట్ నేర్చుకోవడానికి మీ ఇంట్లో వాళ్ళ ముఖాలు, స్టిల్ లైఫ్ నేర్చుకోవడానికి మీ ఇంట్లో ఏళ్ళ తరబడి దాచుకున్న వస్తువులు సరిపోతాయి. సరిపోవడమే కాదు, వాటికంటే కఠినమైన కెమెరా టెస్ట్ నాకు ఇంకోటి కనబడలేదు.

తెలిసిన ముఖమే అసలు టెస్ట్ చార్ట్

రివ్యూల్లో శాంపిల్ ఫోటోలు చూసి మనం ఏం తేల్చుకోగలం? పువ్వు ఎర్రగా ఉంది, ఆకు పచ్చగా ఉంది, ఆకాశం నీలంగా ఉంది. ఆ పువ్వు నిజంగా అంత ఎరుపో కాదో మనకి తెలీదు, మనం అక్కడ లేం. మోడల్ ముఖం నునుపుగా ఉంటే ఆమె చర్మమే అంతేమో అనుకుంటాం. అదే మీ అమ్మమ్మ ముఖం అయితే? బుగ్గ మీద మచ్చ ఎక్కడుందో, నవ్వితే కంటి పక్కన ముడత ఎటు తిరుగుతుందో మీకు తెలుసు. ఫోన్ ఏం మార్చినా వెంటనే దొరికిపోతుంది.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మా అమ్మమ్మని ఫోన్లో తీసి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని స్క్రీన్ వైపు కాసేపు చూసింది. "ఇదెవర్రా? మా చెల్లెల్లా ఉందే!" అంది. ఒక్క ముక్కలో రివ్యూ అయిపోయింది. ఫోన్ ఆవిడ వయసు ఓ పదేళ్ళు తగ్గించింది, రంగు ఒక షేడ్ తెల్లగా చేసింది, నుదుటి మీద గీతలు తుడిచేసింది. బ్యూటీ స్లైడర్ సున్నాకి లాగి, పోర్ట్రెయిట్ మోడ్ తీసేసి, మామూలు ఫోటో మోడ్‌లో మళ్ళీ తీశాను. "ఆ, ఇది నేనే" అంది. ఈ టెస్ట్ ఏ బెంచ్‌మార్క్ యాప్‌లోనూ లేదు.

చర్మం రంగు సంగతి చిన్నది కాదు. కెమెరాలు ముదురు రంగు చర్మాన్ని సరిగ్గా చూపించవన్నది చాలా పాత కంప్లైంట్. గూగుల్ 2021లో పిక్సెల్ 6తో పాటు 'రియల్ టోన్' అని ప్రత్యేకంగా పేరు పెట్టి మరీ దీని గురించి చెప్పుకోవాల్సి వచ్చింది. మన చామనఛాయ, నలుపు ముఖాలని ఫోన్ ఎలా తీస్తోందో తేల్చడానికి మనింట్లో మనుషుల కంటే మంచి కొలత ఏముంటుంది?

ముఖానికి ఎంత దూరంలో నిలబడాలి?

ఇంట్లో వాళ్ళని తీసేటప్పుడు మనం దగ్గరికి వెళ్ళిపోతాం. దగ్గరి మనుషులే కదా అని ఫోన్ ముఖం ముందే పెట్టేస్తాం. అక్కడే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. "నేను ఫోటోలో బాగోను" అనే అమ్మలందరూ సగం ఈ జామెట్రీ బాధితులే.

చిన్న లెక్క చూద్దాం. ముక్కు కొస నుంచి చెవి దాకా లోతు 12 సెంటీమీటర్లు అనుకోండి. ఫోన్ ముక్కుకి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవి 42 దగ్గర ఉంటుంది. అంటే చెవితో పోలిస్తే ముక్కు 40 శాతం పెద్దగా పడుతుంది. అదే ఒకటిన్నర మీటర్ దూరం జరిగితే 150కి 162. తేడా 8 శాతం. రోజూ ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు మనం చూసే ముఖం ఇదే. ముఖం ఆకారాన్ని మార్చేది దూరం. లెన్స్ చేసేది ఫ్రేమ్ ఎంత ఇరుకో ఎంత వెడల్పో నిర్ణయించడం వరకే.

కాబట్టి రెండడుగులు వెనక్కి వేసి 2ఎక్స్ నొక్కండి. మెయిన్ కెమెరాలు ఎక్కువగా 24 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి, 2ఎక్స్‌లో అది 48 అవుతుంది. 50 మెగాపిక్సెల్ సెన్సర్ ఉంటే మధ్య భాగం నుంచే 12 మెగాపిక్సెల్ ఫోటో వస్తుంది కాబట్టి క్వాలిటీ పెద్దగా పోదు. 3ఎక్స్ టెలిఫోటో ఉంటే ఇంకా హాయి. లేదని దిగులు పడక్కర్లేదు.

ఒక కిటికీ, ఆఫ్ చేసిన ట్యూబ్‌లైట్

లైటింగ్ కోసం రింగ్ లైట్ కొనకండి. మన ఇళ్ళలో మధ్యాహ్నం ఎండ నేరుగా పడని కిటికీ ఒకటైనా ఉంటుంది. అదే మీ స్టూడియో. మనిషిని కిటికీకి పక్కవాటుగా కూర్చోబెట్టండి. ఒక బుగ్గ మీద వెలుగు, ఇంకో బుగ్గ మీద మెల్లగా దిగే నీడ కనబడతాయి. నీడ మరీ చిక్కగా ఉంటే అటువైపు ఒక తెల్ల థర్మోకోల్ షీట్ గానీ, ఉతికిన తెల్ల పంచె గానీ పట్టుకోమని తమ్ముడికి చెప్పండి. నీడ ఇంకా కావాలంటే నల్ల శాలువా పట్టుకోమనండి. స్టూడియోల్లో వేలు పోసి కొనే రిఫ్లెక్టర్లు, నల్ల ఫ్లాగులు చేసే పని ఇదే.

ముందు ట్యూబ్‌లైట్ ఆపండి. కిటికీ వెలుగు రంగు వేరు, ఎల్‌ఈడీ రంగు వేరు, పూజ గదిలో పసుపు బల్బు రంగు వేరు. మూడూ కలిస్తే ఫోన్ వైట్ బ్యాలెన్స్ ఎవరి మాట వినాలో తెలీక ముఖం సగం నీలం, సగం నారింజ చేస్తుంది. లెన్స్‌ని కాటన్ గుడ్డతో తుడవడం కూడా మర్చిపోకండి. జేబులో నూనె వేళ్ళ మరకలతో తిరిగే లెన్స్ లక్ష రూపాయల ఫోన్‌ని కూడా పది వేల ఫోన్ చేసేస్తుంది.

పెద్దవాళ్ళ కళ్ళజోడు మీద కిటికీ మెరుపు పడుతుంటే జోడు తీసేయమనకండి, అది లేకపోతే వాళ్ళు వాళ్ళలా ఉండరు. చెవుల దగ్గర కాడల్ని కాస్త పైకి ఎత్తితే అద్దాలు కిందికి వాలతాయి, మెరుపు పోతుంది. వెలుగు ఏ కోణంలో పడితే అదే కోణంలో తిరిగి వస్తుందని పదో తరగతిలో చదువుకున్నది ఇక్కడ పనికొస్తుంది.

అటక మీద ఉన్న సిలబస్

ఇప్పుడు స్టిల్ లైఫ్. మనుషులు విసుక్కుంటారు, వస్తువులు విసుక్కోవు. ఒకే వస్తువుని నలభైసార్లు తీసినా "ఇంకెన్నిసార్లురా" అనవు. పైగా ఇంట్లో ఒక్కో పాత వస్తువు ఒక్కో చాప్టర్.

*ఇత్తడి మరచెంబు.* మా ఇంట్లో ఉన్నది అమ్మమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. రైలు ప్రయాణాల్లో నీళ్ళకి వాడేవాళ్ళట. మెరిసే వస్తువుకి తన సొంత రూపం తక్కువ, చుట్టూ ఉన్నదాన్నే అది చూపిస్తుంది. మీ టీషర్ట్, ఫోన్, సీలింగ్ ఫ్యాన్ అన్నీ అందులో కనబడతాయి. అందుకే చెంబు మీద పడే వెలుగు కంటే చెంబు "చూసే" గోడలు ముఖ్యం. కిటికీకి తెల్ల దుప్పటి కడితే ఇత్తడి మీద పొడవైన మెత్తటి మెరుపు వస్తుంది. ఎక్స్‌పోజర్‌ని కొంచెం, మైనస్ 0.7 దాకా తగ్గించండి. లేకపోతే మెరుపు మొత్తం తెల్ల మచ్చ అయిపోతుంది.

*నల్ల రోలు, తెల్ల పంచె.* రెండిటినీ విడివిడిగా, ఫ్రేమ్ నిండా తీయండి. ఆటో మోడ్‌లో రోలు బూడిద రంగుకి తేలుతుంది, పంచె బూడిద రంగుకి దిగుతుంది. కెమెరా మీటర్‌కి ప్రపంచమంతా మధ్యస్థంగా ఉంటుందని నమ్మకం. రోలుకి ఎక్స్‌పోజర్ తగ్గించాలి, పంచెకి పెంచాలి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అంటే ఏంటో దీనికంటే తేలిగ్గా చెప్పే ట్యుటోరియల్ నాకు తెలీదు.

*పెళ్ళి పట్టుచీర.* ఎదురుగా ఫ్లాష్ కొడితే జరీ చచ్చిపోతుంది. వెలుగు పక్క నుంచి, దాదాపు చీరకి ఆనుకుని జారేలా పెట్టండి. ఒక్కో పోగూ నీడ వేసుకుని లేచి నిలబడుతుంది. పాత ఉత్తరం మీద పెన్ను నొక్కిన గాడి, తాళపత్రం మీద గంటపు గీత కూడా ఇలాంటి వాలు వెలుగులోనే కనబడతాయి.

*చేతి గడియారం.* చాలా ఇళ్ళలో తాతగారి హెచ్ఎంటీ వాచ్ ఒకటి ఉంటుంది. ఆ కంపెనీ 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. 2016లో కేంద్రం దాని వాచీల విభాగం మూసివేతకి ఆమోదం తెలిపింది.  ఫోన్‌ని బాగా దగ్గరికి తీసుకెళ్ళగానే చాలా ఫోన్లు చెప్పకుండా అల్ట్రావైడ్ మీదకి మారి "మాక్రో" అంటాయి. ఆ ఆటో మాక్రో ఆపేసి, 25, 30 సెంటీమీటర్ల వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తీయండి. అంకెలు నీట్‌గా వస్తాయి, ఫోన్ నీడ కూడా పడదు. యాడ్స్‌లో ముళ్ళు 10 గంటల 10 నిమిషాల దగ్గర పెడతారు, కంపెనీ పేరు కనబడాలని. మీరు మాత్రం ముళ్ళు తిప్పకండి. అది ఎక్కడ ఆగిందో అక్కడే బాగుంటుంది.

ఈ నాలుగూ రెండు ఆదివారాల్లో అయిపోతాయి. వీటితో మెరుపు, ఎక్స్‌పోజర్, టెక్స్చర్, ఫోకస్ దూరం మీ చేతికి వచ్చేస్తాయి. ఖర్చు సున్నా.

పోర్ట్రెయిట్ మోడ్ మీద నా కోపం

2016లో ఐఫోన్ 7 ప్లస్ రెండు లెన్సులతో పోర్ట్రెయిట్ మోడ్ తెచ్చింది. 2017లో పిక్సెల్ 2 వెనక ఒక్క లెన్స్‌తోనే అదే పని చేసి చూపించింది. ఇంజనీర్‌గా నాకు ఆ పనితనం మీద గౌరవమే. ఫోన్ సెన్సర్ చిన్నది. గొప్పగా చెప్పుకునే "1 అంగుళం" సెన్సర్ కూడా కర్ణం కొలిస్తే 16 మిల్లీమీటర్లే. దాని నుంచి పెద్ద కెమెరా లాంటి బ్లర్ రాదు కాబట్టి సాఫ్ట్‌వేర్‌తో చేస్తున్నారు, సరే.

కానీ నేర్చుకునేవాడికి అది అలవాటైతే నష్టం. జడలో మల్లెపూల దండ సగం మాయమవుతుంది, కళ్ళజోడు కాడ గోడలో కలిసిపోతుంది, చెంబు మూత అంచు కరిగిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం, వెనక ఉన్న ఇల్లు పోతుంది. అమ్మమ్మ వెనక గోడ మీద క్యాలెండర్, గూట్లో మందుల డబ్బా, తలుపు చాటున వేలాడే చేతిసంచి ఇవన్నీ ఆవిడ ఫోటోలో భాగమే. ఇరవై ఏళ్ళ తర్వాత మనం జూమ్ చేసి చూసుకునేది వాటినే. బ్యాక్‌గ్రౌండ్ చిందరవందరగా ఉంటే బ్లర్ చేయడం కంటే, ఒక అడుగు పక్కకి వేయడం, స్టూల్ జరపడం, ఏది ఉండాలో ఏది వద్దో ఎంచుకోవడం మేలు. కంపోజిషన్ అంటే చాలావరకు ఇదే.

ఇంటి మనుషులతోనే మొదలుపెట్టినావిడ

ఇది నేను కనిపెట్టిన పద్ధతేం కాదు. జూలియా మార్గరెట్ కామెరాన్ 1815లో కలకత్తాలో పుట్టింది. 1863లో, 48 ఏళ్ళ వయసులో, కూతురూ అల్లుడూ ఆవిడకి ఒక కెమెరా కానుకగా ఇచ్చారు. అప్పుడు వాళ్ళ కుటుంబం ఇంగ్లండ్ పక్కన ఐల్ ఆఫ్ వైట్ దీవిలో ఉంటోంది. ఆవిడ బొగ్గుల గదిని డార్క్‌రూమ్ చేసుకుంది, కోళ్ళ షెడ్డుని స్టూడియో చేసుకుంది. మోడల్స్ ఎవరంటే ఇంట్లో పనిచేసే అమ్మాయిలు, బంధువులు, ఇరుగుపొరుగు పిల్లలు. ఫోకస్ సరిగ్గా లేదని అప్పటి విమర్శకులు ఎగతాళి చేశారు. ఇవాళ ఆవిడ తీసిన ముఖాలు పోర్ట్రెయిట్ చరిత్రలో ముందు వరసలో ఉన్నాయి. స్టిల్ లైఫ్‌లో కూడా అంతే. ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో తీసిన ప్రసిద్ధ ఫోటో 'పెప్పర్ నంబర్ 30' ఒక క్యాప్సికమ్ కాయ. దాన్ని ఓ రేకు గరాటులో పెట్టి తీశాడు.

ఇద్దరికీ ఆటోఫోకస్ లేదు, నైట్ మోడ్ లేదు. ఎదురుగా ఉన్నదాన్ని మళ్ళీ మళ్ళీ చూసే ఓపిక మాత్రం ఉంది.

స్పెక్స్‌ని తీసిపారేయట్లేదు

"అయితే పెద్ద సెన్సర్లు, ఎఫ్/1.6 లెన్సులు అన్నీ వేస్టా?" అని మీరు అడగొచ్చు. కాదు. చీకటి వంటింట్లో, పరిగెత్తే పసిపిల్ల దగ్గర మంచి సెన్సర్ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నైట్ మోడ్ వరుసగా చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది కాబట్టి, చేతులు వణికే పెద్దవాళ్ళ విషయంలో అది మసక చేస్తుంది. అక్కడ పెద్ద సెన్సర్ నిజంగా ఆదుకుంటుంది. నేననేది క్రమం గురించి. ఇప్పుడున్న ఫోన్‌తో ఒక నెల ఇంట్లో తీయండి. అది ఎక్కడ ఆగిపోతోందో మీకే తెలుస్తుంది. టెలిఫోటో లేక ఇబ్బందా, తక్కువ వెలుగులో నాయిసా, చర్మం రంగు తేడానా? అప్పుడు షాపుకి వెళ్తే సేల్స్ అబ్బాయి "200 మెగాపిక్సెల్ సార్" అన్నా మీకు ఏం కావాలో స్పష్టంగా ఉంటుంది. కావాల్సిందేంటో తెలీకుండా కొంటే ఎంత ఖరీదైన ఫోనైనా ఆరు నెలల్లో పాతబడిపోయినట్టే అనిపిస్తుంది.

తొందర ఎందుకంటే

మా తాతయ్య పోయినప్పుడు ఇంట్లో ఆయన ఒక్కడే ఉన్న ఫోటో దొరకలేదు. చివరికి ఓటరు కార్డు మీద ఉన్న బొమ్మని ఒక స్టూడియోలో ఇచ్చి పెద్దది చేయించారు. వాళ్ళు మంచి మనసుతోనే ఆయనకి నీలం కోటు, టై తొడిగారు. ఆయన జీవితంలో కోటు వేసుకోలేదు. ఇప్పటికీ దండ వేసి ఉన్నది ఆ కోటు ఫోటోకే. చాలా ఇళ్ళలో ఇదే కథ, మీకూ తెలుసు.

అప్పట్లో కెమెరా లేదు, రీలుకి డబ్బుల్లేవు, అందుకని అలా జరిగింది. ఇప్పుడు ఇంటికి నాలుగు కెమెరాలున్నాయి. అయినా మన పెద్దవాళ్ళ ఫోటోలు వాట్సాప్‌లో కుదించుకుపోయిన ఫార్వర్డ్‌లుగా, ఫిల్టర్ పూసిన సెల్ఫీలుగానే మిగులుతున్నాయి. పాత స్టూడియో కోటు తొడిగితే, కొత్త ఏఐ నునుపైన చర్మం తొడుగుతోంది. మనుషులే కాదు, వస్తువులూ ఉండవు. ఇల్లు మారేటప్పుడు మరచెంబు పాత సామాన్ల వాడికి వెళ్ళిపోతుంది, రోలు పెరట్లో మట్టిలో కూరుకుపోతుంది.

రెండు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. ఒకటి, అడిగి తీయండి. వాళ్ళకి ఇష్టమైన చీర కట్టుకునేదాకా ఆగండి, నచ్చని ఫోటో వాళ్ళ ముందే డిలీట్ చేయండి, అడక్కుండా స్టేటస్‌లో పెట్టకండి. తీస్తున్నంతసేపూ "ఇది ఎక్కడిది, ఎవరిచ్చారు" అని ఆ వస్తువు గురించి అడుగుతూ ఉండండి. వాళ్ళు చెప్పడంలో పడి కెమెరాని మర్చిపోతారు, మీకు కావాల్సిన ముఖం అప్పుడు వస్తుంది. ఆ మాటలు వాయిస్ రికార్డర్‌లో పెట్టుకుంటే ఇంకా మంచిది.

రెండు, ఫోన్లోనే వదిలేయకండి. ఒరిజినల్ ఫైల్‌ని వాట్సాప్‌లో కాకుండా డ్రైవ్‌లో ఒకటి, హార్డ్ డిస్క్‌లో ఒకటి దాచండి. బాగా వచ్చిన నాలుగైదు మాత్రం ప్రింట్ తీయించండి. పోస్ట్‌కార్డు సైజు ప్రింట్ ఖర్చు మీరు ఆర్డర్ చేసే ఒక్క బర్గర్ కంటే తక్కువే. వెనకాల పెన్సిల్‌తో పేరు, ఊరు, తేదీ రాయండి. వస్తువు ఫోటో అయితే అది ఎవరిదో కూడా రాయండి.

వచ్చే ఆదివారం ఇంటి దగ్గర ఉంటే ట్యూబ్‌లైట్ ఆపి, కిటికీ పక్కన ఒక కుర్చీ వేయండి. 30 వేల లోపు ఏ ఫోన్ కొనాలో ఆ సాయంత్రం మాట్లాడుకుందాం.